గురువుగారి బెంగాలీ కవి

లైబ్రరీలో పనంటే ఫ్యాను కింద కూర్చుని, వచ్చినవాళ్లకు పుస్తకమిచ్చి, సాయంత్రం తాళం వేసుకుని ఇంటికి రావడమని మా చుట్టాలు అనుకునేవారు. మా నాయన కూడా అలాగే అనుకున్నాడు. ఆయన డోర్నకల్ జంక్షన్‌లో రైలు పట్టాల మీద పనిచేసిన మనిషి. ఎండలో కంకర మీద నడిచీ నడిచీ అరికాళ్లు మొద్దుబారినవాడికి నా ఉద్యోగం పండగలా కనిపించడంలో వింత లేదు. "నీడపట్టు కొలువు బిడ్డా, చక్కగ చేస్కో" అన్నాడు.

చేసుకున్నాను. ఒక ట్రస్టు నడిపే చిన్న లైబ్రరీల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. జనగామలో మొదలుపెట్టి, మహబూబాబాద్‌లో ఎక్కువ కాలం ఉండి, భూపాలపల్లిలో రిటైరయ్యాను. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను.

ఈ మధ్య మా సంస్థలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, "అక్కా, పని ఎట్లుంటదో జర చెప్పు" అన్నారు. పుస్తకాలకు నంబర్లు వేయడం, రిజిస్టరు రాయడం వాళ్లకు ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనిది రాద్దామని కూర్చున్నాను. దానిలో ఎక్కువ భాగం నేను నేర్చుకున్నది ఒక దర్జీ దగ్గర. ఆయన చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి గురువు. ఆయన తనకు గురువుగా చూసుకున్నది మాత్రం తానెన్నడూ చూడని, తన భాష కూడా కాని, దేవుణ్ణి నమ్మని ఒక బెంగాలీ కవిని.

జనగామ: అడగకూడని ప్రశ్న

దానికంటే ముందు జనగామలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

అక్కడ నా పైఅధికారి నర్సింహులు సార్. సన్నటి మనిషి, మాట తక్కువ. నేను చేరిన మొదటి ఏడాదిలో ఒక మధ్యాహ్నం నలభై ఏళ్లావిడ కౌంటరు దగ్గరకు వచ్చింది. నా వైపు వంగి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"అక్కా, మొగనితోని ఇడిపోవుడు గురించి చట్టం పుస్తకం ఏమన్న ఉంటదా?"

నాకు ఉత్సాహం ఎక్కువ. "విడాకుల పుస్తకమా? ఉందమ్మా. ఎవరికి, మీకేనా?" అన్నాను. హాల్లో పేపర్లు చదువుతున్న పదిమంది తలలెత్తారు. ఆవిడ కొంగు సర్దుకుని, "నాగ్గాదు, మా చెల్లెకు" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. పుస్తకం నా చేతిలోనే ఉండిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక నర్సింహులు సార్ నన్ను పిలిచాడు.

"ఆమె పుస్తకం అడిగింది. నువ్వు ఆమె బతుకు అడిగినవ్."

"సార్, సరైన పుస్తకం ఇద్దామని..."

"దవాఖానల డాక్టరు అడుగుతడు, ఠాణాల పోలీసాయన అడుగుతడు. మనం అడగం. అడిగింది చేతికిచ్చుడే మన పని."

ఆవిడ మళ్లీ రాలేదు. నేను జనగామలో ఉన్నన్నాళ్లూ కూరగాయల మార్కెట్లో, బస్టాండులో ఆ ముఖం కోసం చూశాను. కనబడలేదు. ఆ పుస్తకం ఆవిడకు అంది ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, నా నోటి మూలంగా అందలేదన్నది మాత్రం తెలుసు. కొత్తగా చేరే మీకు మొదట చెప్పే మాట ఇదే: ఎవరు ఏ పుస్తకం అడిగినా ఎందుకని అడగొద్దు. ముఖంలో కూడా ఆ ప్రశ్న కనబడనివ్వొద్దు.

మానుకోట: దర్జీ గురువు

మానుకోటకు మారిన కొన్నేళ్లకు ఎల్లయ్య గురువు మా లైబ్రరీకి రావడం మొదలుపెట్టాడు. గూడూరు అవతల, అడవి అంచున ఉన్న చిన్న ఊరు ఆయనది. అప్పటికే అరవై దాటాయి. ఇంటి అరుగు మీద మిషను పెట్టుకుని జాకెట్లు, లాగులు కుట్టేవాడు. సాయంత్రాలు అచల బోధ చెప్పేవాడు. విగ్రహాలు, వ్రతాలు లేకుండా గురువు నోటి మాట విని, తత్వాలు పాడుకుని తెలుసుకునే దారి అది. మా వైపు రైతుల్లో, కూలీల్లో, చేతిపనులవాళ్లలో దాన్ని పట్టుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

గురువారం గురువారం దారాలు, గుండీలు కొనడానికి మానుకోట వచ్చేవాడు. ఆ పని అయ్యాక మా దగ్గరకు వచ్చి ఒక పుస్తకం తీసుకుని బస్సెక్కేవాడు. రెండేళ్లలో ఆధ్యాత్మిక పుస్తకాల అర మొత్తం చదివేశాడు. ఒక గురువారం కౌంటరు దగ్గర నిలబడి, "ఇంకేమన్న ఉన్నయా బిడ్డా?" అన్నాడు.

అదే అరలో చివరన ఒక సన్నటి పుస్తకం మిగిలింది. అట్ట మీద పడవ బొమ్మ. ఒక బెంగాలీ కవి కవితలు, తెలుగు అనువాదం. నిజానికి అది కవిత్వం అరలో ఉండాల్సింది. బొమ్మ చూసి భక్తి పుస్తకమనుకుని ఎవరో అక్కడ పెట్టారు. నేనూ విప్పి చూడలేదు.

"ఇది చూడు బాపు. నచ్చకపోతె వచ్చే వారం తెచ్చియ్యి" అన్నాను.

తర్వాతి గురువారం ఆయన దారాల దుకాణానికి పోకముందే మా దగ్గరకు వచ్చాడు.

"బిడ్డా, ఈయన ఎవరు?"

"బెంగాలీ కవి బాపు. చనిపోయి చాన్నాళ్లయింది."

"ఏం పని చేసేటోడు?"

పుస్తకం ముందుమాట అప్పుడు చదివాను. ఎక్కడో నది ఒడ్డు ఊళ్లో బడిపంతులట. దేవుడు లేడని చెప్పి పూజారులతోను, మఠాలతోను జీవితమంతా తగాదా పడ్డాడట. ఆ మాట చెప్పడానికి నాకు సందేహమైంది. చెప్పాను.

ఎల్లయ్య గురువు పడీపడీ నవ్వాడు. "లేడు లేడనుకుంటనే దేవుని ముచ్చట చెప్పిండు గద! పేరు వెట్టి పిలిస్తె పలుకడని ఎర్కైనట్టుంది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన ఇంకో పుస్తకం అడగలేదు. వారం వారం అదే తెచ్చి, మళ్లీ రాయించుకుని తీసుకుపోయేవాడు. వారానికి ఒకే కవిత. గుర్తుకు పేజీలో దారం ముక్క పెట్టేవాడు. ఎర్రది, పసుపుది, ఆ వారం ఏ బట్ట కుడితే ఆ రంగు. "ఒక్కసారే మొత్తం చదువొచ్చు గదా బాపు" అంటే, "తొందరేంది? నేనీయన్ని ఇరవై ఏండ్లు చదువుత" అన్నాడు.

ఆయన మెచ్చుకోలు దర్జీ మెచ్చుకోలు. "కత్తెర మంచిగ వడ్డది. ఒక్క గుడ్డ పేలిక వేస్టు గాలె" అనేవాడు ఒక కవిత గురించి. ఇంకోసారి, "గిది జర వదులైంది, ఎవరి కొలతకో కుట్టిండు" అనేవాడు. అన్నీ బాగున్నాయని ఎప్పుడూ అనలేదు. అందుకే ఆయన మెచ్చుకుంటే నేను నమ్మేదాన్ని. ఒకసారి ఇంకా లోతుగా చెప్పాడు.

"నేను నలభై ఏండ్ల సంది చెప్పే ముచ్చటే బిడ్డా. నేను గంటసేపు చెప్త. ఈయన నాలుగు వరుసలల్ల చెప్పి ఊకున్నడు. చెప్పుడు నాకు గూడ వస్తది. గట్ల ఊకునుడు రాదు."

ఆ ఏడాదంతా సాయంత్రం కూటంలో తత్వాల మధ్య ఆ కవితలు కూడా పాడాడట. శిష్యులకు కూడా నచ్చాయట. ఆ తర్వాత పాదుకల కవిత వచ్చింది.

ఆ కవితలో ఒక గురువు ఉంటాడు. ఆయన పాదుకలకు శిష్యులు రోజూ పూలు పెడుతుంటారు. ఆ గురువు మాత్రం ఎప్పుడో ఊరు దాటిపోయి, వట్టి కాళ్లతో, కనబడిన ప్రతి మనిషినీ దారి అడుగుతూ తిరుగుతుంటాడు. మా పుస్తకంలో కవిత అంతే.

"నన్నే అన్నడు బిడ్డా" అన్నాడు ఎల్లయ్య గురువు ఆ గురువారం. ఆయన నవ్వలేదు. "నాకు గూడ ఇంక దారి దొరుకలె. దొరికినట్టు కూసున్న." పేజీ ఇంకోసారి చూసి, "చివర్ల అంచు మడువకుంట ఇడిచిపెట్టిండు, ఎందుకో" అన్నాడు. అది కూడా పొగడ్తేనేమో అనుకున్నాను.

ఆ నెలలోనే గురుపౌర్ణమి. శిష్యులు ఇత్తడి పళ్లెం, నీళ్లు తెచ్చి కాళ్లు కడగబోతే ఆయన కాళ్లు పైకి ముడుచుకున్నాడు. "నేను దారి అడిగేటోన్ని. అడిగేటోని కాళ్లు కడుగరు" అని లేచిపోయాడు.

నేను ఆడిన అబద్ధం

వారం తిరక్కముందే సోమయ్య నలుగురిని వెంటబెట్టుకుని లైబ్రరీకి వచ్చాడు. ఎల్లయ్య గురువుకు పెద్ద శిష్యుడు, ఎరువుల దుకాణం నడుపుతాడు. కూటం జరుపుకోవడానికి ఊళ్లో చిన్న మందిరం కట్టించింది ఆయనే, ఇటుకలు కూడా తానే మోశాడట. నలుగురినీ బయట నిలబెట్టి లోపలికొచ్చాడు.

"మేడం, మా గురువుకు ఆ బెంగాలోని పుస్తకం ఇంక ఇయ్యకుండ్రి."

"ఆయన అడిగితే ఇచ్చాను సోమయ్య గారూ."

"నేను తాగి తాగి చచ్చేటోన్ని. నా పెండ్లాం పిల్లల్ని తోల్కొని పోయింది. ఆయన నన్ను ఇంట్ల పండవెట్టుకొని మనిషిని చేసిండు. సాలుకొక్కనాడు ఆయన కాళ్లు కడిగితె నా పానం నిమ్మలమైతది. గది గూడ గుంజుకున్నడు. ఆ పుస్తకం గుంజుకున్నది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లబోతూ ఆగి, నా వైపు చూడకుండా ఇంకో మాట అన్నాడు.

"మీరు కిరస్తానపోళ్లు. దేవుడు లేడన్నోని పుస్తకం మా గురువుకెందుకిచ్చిండ్రని ఊర్లె అంటుండ్రు. నేను అంటలేను మేడం. అంటుండ్రు."

నాకు భయం వేసింది. మా ఆయన బయ్యారంలో ఉద్యోగం, నేను ఇద్దరు పిల్లలతో మానుకోటలో అద్దెకుంటున్నాను. చిన్న మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. ఆ గురువారం ఎల్లయ్య గురువు పుస్తకం తెచ్చి కౌంటరు మీద పెట్టగానే, "ఇది పాతబడ్డది బాపు. బైండింగుకు పంపాలె" అన్నాను. "మంచిది, గట్టిగ కుట్టిపియ్యి" అని సంతోషంగా ఇచ్చాడు. ఆయన వెళ్లాక దాన్ని నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను.

తర్వాతి గురువారం వచ్చాడు. పుస్తకం ఇంకా రాలేదన్నాను. ఆ పై వారమూ అంతే. మూడో వారం వచ్చినప్పుడు ఆయన కౌంటరు దగ్గర నిలబడలేదు, కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గర కూర్చున్నాడు.

"బిడ్డా, వయసు మీద వడ్డది. యాదికున్న కవితలు గూడ మెల్లగ పోతున్నయి. నేను చెప్త, నువ్వు రాసియ్యి. పుస్తకమచ్చెదాంక దాంతోని ఎల్లదీస్త."

కాగితం తీసుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని ఒక్కో వరుస చెబుతున్నాడు. నేను రాస్తున్నాను. నా మోచేతి కిందే సొరుగు, సొరుగులో పుస్తకం. మొదటి కవిత అయింది. రెండోది సగంలో ఆగిపోయింది. "ఆ తర్వాత... నీళ్లు అని వస్తది... ఏందది..." అని నుదురు రుద్దుకుంటున్నాడు. నాకు తెలియకుండానే నా నోట్లోంచి ఆ వరుస వచ్చేసింది. ఆ పూట ఉదయమే సొరుగు తీసి చదివి ఉన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు. నేను తలొంచుకున్నాను.

"బైండింగుకు పోలేదు గదా బిడ్డా."

"పోలేదు బాపు."

సొరుగు తీసి పుస్తకం బల్ల మీద పెట్టాను. దారం ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"సోమయ్య వచ్చిండా?"

తలూపాను.

"బుగులైందా?"

"అయింది బాపు. పిల్లలున్నరు."

ఆయన తిడితే నాకు తేలికయ్యేది. తిట్టలేదు. పుస్తకాన్ని అరచేత్తో ఒకసారి తుడిచి, "ఇంటికి తీస్కపోతె నీకు పరేషాన్. ఇక్కడనే కూసోని చదువుత" అన్నాడు. కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు, పైకి, అందరికీ వినబడేటట్టు.

జనగామలో నేను చేసింది తెలివితక్కువ తప్పు. మానుకోటలో చేసింది పిరికి తప్పు. రెంటికీ తేడా ఉంది. మొదటిది చేసేటప్పుడు తప్పని తెలియదు. రెండోది మూడు వారాల పాటు తెలిసి తెలిసి చేశాను. అడిగినవాడికి పుస్తకం లేదని అబద్ధం చెప్పాక, మీరు ఆ కుర్చీలో కూర్చుని చేసే మిగతా పనులన్నీ ఎంత సక్రమంగా ఉన్నా ఉపయోగం లేదు.

మందిరం, బదిలీ

గురువారాలు ఆయన చదువుతుంటే పేపర్లు చదివేవాళ్లు కూడా వినడం మొదలుపెట్టారు. రెండు నెలలు అలా సాగాక ఒక గురువారం సోమయ్య వచ్చాడు, ఈసారి ఒక్కడే. గురువు పుస్తకం విప్పి ఆయన చేతికిచ్చాడు.

"చదువు సోమయ్యా."

సోమయ్య నిలబడే పాదుకల కవిత చదివాడు.

"గిండ్ల ఉన్నది నేనే గద. నన్నే ఎక్కిరించిండు."

"నన్ను గూడ ఎక్కిరించిండు" అన్నాడు గురువు నవ్వుతూ.

"నిన్ను ఎక్కిరిస్తె నువ్వు నవ్వుతవ్. నాకు నవ్వు రాదు. నేను నీ అంత పెద్దోన్ని గాదు."

పుస్తకం మెల్లగా బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. గురువు ఆ పూట మళ్లీ పుస్తకం విప్పలేదు.

ఆ తర్వాత సోమయ్య కూటం మానేశాడు. శిష్యుల్లో సగం మంది ఆయన వెంట పోయారు. మందిరంలో గురువు ఫొటో, ఒక జత పాదుకలు పెట్టి వాటికే పూజ చేసుకోసాగారు. గురువేమో అదే ఊళ్లో మిషను తొక్కుకుంటూ బతికే ఉన్నాడు. విన్నవాళ్లు నవ్వేవారు. ఎల్లయ్య గురువు కూడా మొదట నవ్వాడు. రానురాను కవితలు పాడడం తగ్గించాడు, చదవడం మాత్రం మానలేదు.

ఇదంతా మా సంస్థ కార్యదర్శి చెవిన పడింది. ఆయన హనుమకొండ నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక్క పుస్తకం కోసం ఇంత రభస ఎందుకు సుగుణా? తీసి బీరువాలో పడేయి."

"అలా చేయమని రాసివ్వండి సార్."

"నోటితో చెప్తే చాలదా?"

"చాలదు సార్. నోటి మాట మీద ఒకసారి తీశాను. ఇంకోసారి తీయను."

ఆయన రాసివ్వలేదు. పుస్తకం అరలోనే ఉంది. రెండు నెలలకు నన్ను భూపాలపల్లికి బదిలీ చేశారు. వాళ్లు రాసిచ్చిన ఆర్డరు అదొక్కటే. ఇందులో నేనేదో గొప్ప పని చేశానని అనుకోవద్దు. పుస్తకం తీసేయమనేవాళ్లు సాధారణంగా ఆ మాటను కాగితం మీద పెట్టడానికి ఇష్టపడరు. అది తెలుసుకుంటే మీ సగం భయం పోతుంది.

భూపాలపల్లి: లేని పేజీ

భూపాలపల్లి బొగ్గు గనుల ఊరు. పనుల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఉంటారు. నేను చేరిన రెండో ఏడు మౌసుమి అనే ఆవిడ వచ్చింది. భర్త కరెంటు ప్లాంటులో వెల్డరు. ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్న తెలుగు.

"మేడం, బెంగాలీ బుక్కులు ఉన్నయా?"

లేవు. ఆవిడ ముఖం చూసి జాలేసింది. మా లైబ్రరీలో ఆ బెంగాలీ కవి అనువాదం ఇంకో ప్రతి ఉంది. తెచ్చి అట్ట మీద పేరు చదివి చూపించాను. ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. "మా స్కూల్ల చదివిన! మా నాన్నకు చాన ఇష్టం. నాకు నోటికి వస్తది!"

"పాదుకల కవిత వస్తుందా?"

ఆవిడ అక్కడే నిలబడి చెప్పింది. ఆ భాష నాకు తెలియదు, కానీ ఎక్కడ పూలు పెడుతున్నారో, ఎక్కడ నడక మొదలైందో ఆ గొంతులో తెలుస్తోంది. ఇక్కడితో అయిపోవాలి అనుకున్న చోట ఆవిడ ఆగలేదు. ఇంకా చెబుతోంది.

"అక్కడితో అయిపోతుంది కదమ్మా?" అన్నాను.

"లేదు మేడం. ఇంక ఉన్నది. సాయంత్రం అయితది. కాళ్లకు రక్తం వస్తది. ఒక ఇంటి ముంగట ఒక ఆమె ఊడుస్తది. ఈయన ఆమెను దారి అడుగుతడు. ఆమె చూపిస్తది. ఆ ఊరు ఈయనదే. ఆమె ఈయన శిష్యురాలే. ఈయనను ఆమె గుర్తుపట్టలేదు, కానీ దారి ఆమెకు తెలుసు."

నేను పుస్తకం లాక్కుని విప్పాను. పేజీ తిప్పితే ఉన్నాయి, ఆరు వరుసలు. ఆ కాగితం వెనక వైపు పడవ బొమ్మ, మరేమీ లేదు. తర్వాతి పేజీలో కొత్త కవిత. మానుకోటకు ఫోను చేసి, అక్కడ చేస్తున్న అమ్మాయిని పేజీల నంబర్లు చూడమన్నాను. "నలభై రెండు తర్వాత నలభై అయిదు ఉన్నదక్కా. నడుమ కాగితం చినిగిపోయింది" అంది.

పుస్తకం చేతికి రాగానే పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడడం ఈ వృత్తిలో మొదటి రోజు నేర్చుకునే పని. ఏడాదికి పైగా వారం వారం నా చేతుల మీదుగా పోయిన పుస్తకం అది. నేను చూడలేదు. ఆ ఆరు వరుసలు లేకపోవడం వల్ల అక్కడ ఒక గురువు, ఒక శిష్యుడు విడిపోయారు.

మీకు ఫోను చాలు అనిపించవచ్చు. నాకు చాలదనిపించింది. ఆ ఆదివారం మౌసుమిని అడిగి, ఇద్దరం నర్సంపేటలో బస్సు మారి గూడూరు వైపు వెళ్లాం. ఎల్లయ్య గురువు అరుగు మీద మిషను ముందు ఉన్నాడు. చూపు మందగించింది, సూదిలో దారం ఎక్కించడానికి ఇబ్బంది పడుతున్నాడు. నేను పేజీ సంగతి చెప్పాను. మౌసుమి ఆయన ఎదురుగా చాప మీద కూర్చుని మొత్తం బెంగాలీలో చెప్పింది. తర్వాత నేను తెలుగులో ఆ ఆరు వరుసలు చదివాను.

ఆయన కాలు పెడలు మీద నుంచి కిందికి దిగింది.

"బిడ్డా, ఇంకొక్కసారి నీ భాషల చెప్పు" అన్నాడు మౌసుమితో. ఆవిడ చెబుతుంటే బల్ల మీద వేలితో తాళం వేశాడు. ఇంకోసారి చెప్పించుకున్నాడు.

"గిప్పుడు అంచు కుట్టినట్టయింది" అన్నాడు చివరికి. "నేను అప్పుడే అనుకున్న. అసోంటి కుట్టు కుట్టేటోడు అంచు ఇడిచిపెట్టడని. కని నాకు నచ్చినకాడికే నాకు సాలనిపించింది. సోమయ్యకు గా పొద్దు అంచు లేని బట్ట తొడిగిచ్చిన. కోసుకపోయింది ఆయనకు."

"తప్పు నాది బాపు. పేజీ లేని పుస్తకం ఇచ్చిన."

"నీది నువ్వు మోయి. నాది నేను మోస్త" అన్నాడు కటువుగానే. తర్వాత మౌసుమికి మంచినీళ్లు తెమ్మని లోపలికి కేకేశాడు.

ఆ మాట నాకు నచ్చింది. నా తప్పును ఆయన మాఫీ చేయలేదు, తన తప్పును నా మీదికి నెట్టలేదు. ఇన్నేళ్లలో నా పైవాళ్లెవరూ నాతో అంత నిక్కచ్చిగా మాట్లాడలేదు. భూపాలపల్లికి తిరిగొచ్చిన మర్నాడే ఆ పేజీకి నకలు తీయించి మానుకోట పంపాను, అతికించమని. అక్కడితో ఆగకుండా, రిటైరయ్యేలోపు భూపాలపల్లిలో ఉన్న ప్రతి పుస్తకాన్నీ పేజీ పేజీ తిప్పి చూశాను. కాగితాలు లేనివి నేను భయపడినదానికంటే ఎక్కువే బయటపడ్డాయి. వాటిలో ఒక్కోటి ఎవరి ఇంట్లో ఏం చేసి వచ్చిందో ఎవరికి తెలుసు.

పది రోజులకు ఎల్లయ్య గురువు ఫోను చేశాడు.

"సోమయ్య ఇంటికి పోయిన బిడ్డా."

"ఏమన్నడు బాపు?"

"ఏమంటడు? గడపల నిలవడ్డ. నన్ను చూసి లోపటికి పోయిండు. ఇగ రాడనుకున్న. చెంబుల నీళ్లు పట్కొచ్చి నా కాళ్లకాడ కూసున్నడు."

"కడగనిచ్చినవా?"

"నీ కాళ్లు నేను కడుగుతనని చెంబు గుంజిన. ఆయన ఇడుస్తలేడు, నేను ఇడుస్తలేను. నీళ్లన్ని ఇద్దరి మీద వడ్డయి. ఆయన భార్య లోపట్నుంచి చూసి, సాలు తియ్యిండ్రి, అన్నం సల్లారుతాంది అన్నది."

ఆవిడ తిరిగి వచ్చి చాలా ఏళ్లయిందని నాకు తెలుసు. నవ్వుతూ అడిగాను.

"మరి కవి చెప్పిన చివరి మాట సోమయ్యకు చెప్పినవా బాపు?"

"ఇద్దరం ఆకలి మీదున్నం బిడ్డా. చింతచిగురు పప్పు. రెండుమాట్ల ఏయించుకున్న."